ఒక్క నాయకుడు, ఇందరు నాయికలు

"వాడు దాని చేత తన్నులు తింటూ దాని బట్టలుతుకుతున్నాడు. గడ్డి మీద పడుకొంటున్నాడు. వాణ్ణి పట్టుకొని దాసభూతమంటావేమిటే? పాలేరను!"

మా అమ్మ యీ తీర్పు చెప్పిన రాత్రి, వారం రోజులుగా నన్ను వేధిస్తున్న అనువాద సమస్య ఒకటి తేలిపోయింది. జంషెడ్‌పూరులో, కదమా పేటలోని మా యింట్లో, రాత్రి భోజనాలయ్యాక నేనొక జపాను నవలను ఆమెకు తెలుగులో చెబుతున్నాను. వ్రాయడం లేదు, ఆంగ్లం చూస్తూ నోటితో తెలుగు చేస్తున్నాను. వృత్తిరీత్యా ఎన్నో పుస్తకాలు అనువదించాను కాని, ప్రతి వాక్యానికీ ఎదుట కూర్చొని అడ్డుతగిలే పాఠకురాలు ఎన్నడూ దొరకలేదు.

దీనికంతటికీ కారకుడు మా చెల్లెలి కొడుకు. పదిహేడేళ్లవాడు. ఈ వూళ్లోనే పుట్టాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఆంగ్లం. తెలుగు చక్కగా మాట్లాడతాడు; అక్షరం మాత్రం చదవలేడు. ఉక్కు కర్మాగారం కోసం మూడు తరాల క్రితం శ్రీకాకుళం వైపు నుంచి తరలివచ్చిన కుటుంబాలలో యిది వింత కాదు. అతడొక్కడూ ఏదో చదువుకొంటూ నవ్వుకొంటుంటే, "ఏమిట్రా అది?" అని అమ్మమ్మ అడిగింది. చెప్పబోయి, చెప్పలేక, నా దగ్గరకు వచ్చాడు. "పెద్దమ్మా, నువ్వే చెప్పు. అమ్మమ్మకి అర్థమయ్యేట్టు చెప్పడం నాకు రాదు."

జపాను మాట యీ వూరికి కొత్తదేమీ కాదు. 1893లో జంషెడ్జీ టాటా యొకొహామా రేవు నుంచి వాంకూవరుకు వెళ్లిన ఓడలోనే వివేకానందుడూ ప్రయాణం చేశారు. ఈనాడు టాటా స్టీలు, జపాను నిప్పన్ స్టీలు కలిసి నెలకొల్పిన కర్మాగారం ఇక్కడ వున్నది. కాని మా యింటికి జపాను వచ్చింది మాత్రం ఉక్కు దారిన కాదు, ఒక కుర్రవాడి వినోదపఠనం దారిన.

ఆ నవల పేరు 'జీరో నో త్సుకైమా'. రచయిత నొబొరు యమగుచి. తొలి సంపుటం 2004లో వెలువడింది. మొత్తం ఇరవై రెండు సంపుటాలు. జపానులో యీ జాతి పుస్తకాలను 'లైట్ నవలలు' అంటారు. పేరు ఆంగ్లమే అయినా పుట్టింది అక్కడే. జేబులో ఇమిడే చిన్న పుస్తకం, అట్టమీదా లోపలా బొమ్మలు, పొట్టి పొట్టి పేరాలు, వర్ణన కంటె సంభాషణ ఎక్కువ. బడిపిల్లలు రైలు ప్రయాణంలో చదివి ముగించగలిగినవి. సంపుటం తరువాత సంపుటం వస్తూ వుంటుంది. కథ అంత సులభంగా ముగియదు. ఆ లైట్ నవలలలో ఒక శాఖ, ఒక్క నాయకుని చుట్టూ పలువురు నాయికలను తిప్పే అద్భుత కథ. దీనికి వారు పెట్టుకొన్న పేరు 'హారెమ్'. 'జీరో' ఆ శాఖలో బాగా పేరుపడ్డ గ్రంథం. 2006 నుంచి 2012 వరకు నాలుగు విడతల యానిమేషన్ ధారావాహికగా కూడా వచ్చింది.

నాకు జపాను భాష రాదు. మావాడి దగ్గరున్నది అభిమానులు తమలో తాము చేసుకొన్న ఆంగ్లానువాదం. కనుక యమగుచి శైలిని గురించి నేను నోరెత్తను. కథను గురించి, పాత్రలను గురించి మాత్రం, ఇరవై సంపుటాలు నోటితో దాటించిన దానిగా, కొంత చెప్పగలననుకొంటాను.

కథ యిది. హిరగ సైతో అనే టోక్యో కుర్రవాడు మరమ్మతు చేయించుకొన్న కంప్యూటరుతో ఇంటికి పోతుంటే, దారిలో నిలువుటద్దం వంటి వెలుగొకటి కనిపిస్తుంది. కుతూహలం కొద్దీ చెయ్యి పెడతాడు. అవతల తేలిన లోకంలో ఆకాశాన రెండు చంద్రులు. మంత్రం వచ్చినవారు దొరలు, రానివారు సామాన్యులు. అక్కడి మంత్రవిద్యాలయంలో రెండవ యేటి విద్యార్థులు ఒక్కొక్కరూ తమకు జీవితాంతం తోడుండే భూతాన్నో మృగాన్నో ఆవాహన చేసుకొనే రోజది. ఒకతెకు నిప్పులు గ్రక్కే బల్లి వచ్చింది. ఒకతెకు పక్షిరాజు వంటి డ్రాగను వచ్చింది. ఏ మంత్రం చదివినా పేలుడు తప్ప మరేమీ పుట్టించలేక, 'సున్న' అని తోటివారి చేత పిలిపించుకొనే లూయీజ్ అనే ప్రభువు కూతురికి యీ కుర్రవాడు వచ్చాడు. అవమానంతో ఆమె, అయోమయంతో అతడు. పాలేరుతనం అక్కడ మొదలు.

ఈ ఆరంభంలో ఒక బలం వున్నది. 'సున్న' అని ఎగతాళి చేయబడిన పిల్ల నిజానికి ఎవరికీ పట్టుబడని ఐదవ శక్తికి, శూన్యతత్త్వానికి, వారసురాలు. తక్కిన నాలుగు భూతాలను ఆవాహన చేయలేకపోవడం ఆమె అసమర్థత కాదు. ఆమె దారి వేరు. పిల్లల కథలో యిది పాత ఎత్తే. కాని యమగుచి దానికొక నీడను కూడా సృష్టించాడు. పొరుగు దేశపు రాజు జోసెఫ్. అతడూ మంత్రం రాక 'అసమర్థుడు' అని పేరు పడ్డవాడే. అతడిలోనూ వున్నది శూన్యశక్తే. ప్రతిభావంతుడైన తమ్ముణ్ణి అసూయతో చంపించాడు. చంపించాక కన్నీరు రాలేదు. ఎంతటి ఘోరం చేస్తే తన గుండె కదులుతుందోనని వరుసగా ఘోరాలు చేస్తూ పోతాడు. ఒకే గాయం ఇద్దరికీ తగిలింది. ఆమె ఒక దారిన పోయింది, అతడొక దారిన. బడిపిల్లల రైలు పుస్తకంలో యిటువంటి ప్రతినాయకుడు దొరుకుతాడని నేననుకోలేదు. మా అమ్మ మాత్రం అతణ్ణి మొదటి నుంచీ గుర్తుపట్టింది. "ధృతరాష్ట్రుడికి చూపుండి వుంటే యిలాగే వుండేవాడు" అన్నది.

ఆంగ్ల సాహిత్యం చదువుకొన్నవారికి మరొక సంతోషం వున్నది. లూయీజ్ పూర్తి పేరులో వచ్చే 'లా వాల్యేర్' అన్నది ఫ్రాన్సు చరిత్రలోని పేరు. పద్నాలుగవ లూయీ ప్రేయసి, అలెగ్జాండర్ డ్యూమా నవలలో ఒక పాత్ర. కత్తియుద్ధాలు, రాణిగారి రహస్యలేఖ, ఆ లేఖ కోసం ప్రమాదకరమైన ప్రయాణం, బిరుదులు, ద్రోహులు... డ్యూమా పెట్టెలోని సరుకంతా ఇక్కడ కొత్తగా పేర్చబడింది. అరువు తెచ్చుకొన్నానని దాచుకోకుండా తెచ్చుకొన్నాడు. అది నాకు నచ్చింది.

అయితే యీ ఇరవై సంపుటాలలో నన్ను నిజంగా ఆపినది ఒక చిన్న ఘట్టం. మంత్రవిద్యాలయంలో పనిచేసే సియెస్టా అనే సామాన్య యువతి తన గ్రామానికి సైతోను తీసుకొనిపోతుంది. అక్కడ ఆమె ముత్తాత సమాధి వున్నది. ఆయన ఎక్కడి నుంచో ఎగిరే యంత్రంలో వచ్చిపడ్డాడట, ఎవరూ నమ్మలేదట. చనిపోయే ముందు తన సమాధిరాయిని తానే చెక్కుకొన్నాడు. ఆ అక్షరాలు గ్రామంలో ఎవ్వరికీ రావు. తరాలుగా ఆ రాయి మూగది. సైతో వెళ్లి, చూసి, చదువుతాడు. అవి జపాను అక్షరాలు. ఆ ముత్తాత రెండవ ప్రపంచ యుద్ధకాలపు జపాను నౌకాదళ వైమానికుడు. గుడిలో దాచివున్న ఆ యంత్రం 'జీరో' విమానం. జపాను శకం 2600లో, అనగా 1940లో, సైన్యంలో చేరినందువల్ల ఆ విమానానికి ఆ పేరు వచ్చింది. సున్న అనే మాట ఇక్కడ రెండుసార్లు మ్రోగుతుంది.

ఈ ఘట్టం చెబుతుండగా మావాడు లేచి వంటింట్లోకి వెళ్లి ఒక ఇత్తడి బిందె తెచ్చాడు. దాని మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా కొట్టించిన తెలుగు అక్షరాలున్నాయి. పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్లే త్రాగుతున్నాడు. "ఇక్కడేం వ్రాసివుంది?" అన్నాడు. తాతగారి పేరు, ఊరి పేరు. అమ్మ చదివింది. తరువాత నేను కథ కొనసాగించాను.

ఇక లోపాలు. అవి చిన్నవి కావు.

మొదటి సంపుటంలోనే ఒక ద్వంద్వయుద్ధం వుంది. గీష్ అనే ప్రభుకుమారుడు ఒకేసారి ఇద్దరు యువతులను ప్రేమిస్తున్నానని నమ్మిస్తూ పట్టుబడతాడు. పరువు పోయిందన్న కోపం సైతో మీద చూపుతాడు. సైతో చావుదెబ్బలు తింటాడు, తల మాత్రం వంచడు. చివరకు చేతికి కత్తి అందగానే ఎడమచేతి మీది మంత్రాక్షరాలు వెలుగుతాయి, గెలుస్తాడు. చాలా చక్కని ఘట్టం. కాని ఇద్దరు స్త్రీలను ఆడించినవాడిని ఓడించి నాయకుడైన యీ కుర్రవాడి చుట్టూ పదవ సంపుటం నాటికి ఎందరున్నారు? యజమానురాలు లూయీజ్, పనిపిల్ల సియెస్టా, తండ్రి హతుడై తల్లి విషం వల్ల మతి పోగొట్టుకొన్న టబీథా, అర్ధ అప్సరస వంటి టిఫానియా, చివరకు ఒక దేశపు రాణి. ఇతడు ఎవరినీ కాదనడు. ఎవరినీ ఔననడు. గీష్ చేసింది మోసమైతే యిది ఏమిటి? రచయిత యీ ప్రశ్నను తన మొదటి సంపుటంలో తానే వేసి, తరువాత మరచిపోయాడు.

రాణి హెన్రియెట్టా విషయంలో నాకు కోపమే వచ్చింది. ప్రేమించిన రాకుమారుడు హత్యకు గురయ్యాడు. అతని శవాన్నే మంత్రబలంతో నడిపించి శత్రువులు ఆమెను అపహరించబోయారు. పసితనం వదలకముందే కిరీటం తలకెక్కింది, యుద్ధం నెత్తిన పడింది. ఈమె పాత్ర ఒక్కటే ఒక నవలకు చాలు. అటువంటి స్త్రీని తీసుకొనివచ్చి, తన చిన్ననాటి నేస్తమైన లూయీజ్ మనసిచ్చిన కుర్రవాడి కోసం వరుసలో నిలబెట్టాడు రచయిత. ఆమె రాజ్యం, ఆమె దుఃఖం, ఆమె తప్పులు వెనక్కిపోయి, ఆ వరుసలో ఆమె స్థానమెంత అన్నదే ముందుకు వచ్చింది. టబీథా సంగతీ అంతే. కూతురికి పెట్టిన విషాన్ని తల్లి త్రాగింది. ఆ తల్లిని బాగుచేసుకోవడానికి, శత్రువుల ఆజ్ఞలకే తలవొగ్గి బ్రతికే మౌనపు పిల్ల. ఆమె కోసం వేరుగా మూడు సంపుటాల ఉపకథ వ్రాసినవాడికి ఆమె విలువ తెలియదనలేము. తెలిసీ, సైతో ఆమెను రక్షించిన మరుక్షణం నుంచి ఆమెనూ ఆ గుంపులో కలిపేశాడు. రక్షింపబడిన ప్రతి స్త్రీ ప్రేమలో పడితీరాలన్నది యీ జాతి కథల శాసనం కాబోలు. కృతజ్ఞతకు మరో రూపం లేదా?

లూయీజ్ కొరడా మరొక గొడవ. ఆమెకు అసూయ కలిగినప్పుడల్లా సైతోను కుక్కా అని తిట్టి కొట్టడం హాస్యంగా వ్రాయబడింది. మొదటిసారి ఆమె అహంకారం, అభద్రత అందులో కనబడ్డాయి, నవ్వు వచ్చింది. ఇరవయ్యోసారికి అది యంత్రం. అమ్మాయిల ఆకారాలను గురించిన ఎగతాళులు, చాటునుంచి తొంగిచూపులు కూడా అంతే. అవి వచ్చిన చోటల్లా నేను పుట తిప్పేశాను. "ఏమిటే, దాటేశావు?" అని అమ్మ అడిగితే, "ఏమీ లేదమ్మా, అంగడి సరుకు" అన్నాను. మావాడు తల దించుకొన్నాడు. అతడికీ తెలుసన్నమాట.

ఒకనాడు అమ్మ అడిగిన ప్రశ్న యీ మొత్తం చర్చను మరొక వైపు త్రిప్పింది. "ఇంతకీ వీడు ఎవరిని చేసుకొంటాడు?" నేను చెప్పలేదు. "మరి ఎన్టీ రామారావు నలుగురినీ చేసుకొన్నాడు గదా! శుభమా అని పెళ్లి చేసుకొంటే పోయేదానికి యిన్ని పుస్తకాలెందుకు?"

ఆమె మాట్లాడుతున్నది 1961లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ తీసిన 'జగదేకవీరుని కథ'ను గురించి. బాల్యంలో శ్రీకాకుళంలో చూసింది. అందులో ప్రతాపుడనే రాకుమారుడు ఇంద్రుని కూతురు జయంతిని, నాగరాజు, వరుణుడు, అగ్నిదేవుల కుమార్తెలను, నలుగురినీ పెళ్లాడాలని కోరుకొంటాడు. ఆ కోరిక చెవినబడిన తండ్రి దేశం వెడలగొడతాడు. అతడు పోయి, ఒక్కొక్కరినే గెలిచి, నలుగురినీ పెళ్లాడతాడు. పింగళి నాగేంద్రరావు మాటలు, పెండ్యాల సంగీతం, చూసినవారికి చెప్పనక్కరలేదు.

మన జానపద కథలన్నీ యీ దారివే. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' పన్నెండు సంపుటాలు. కాశీకి నడిచిపోయే మణిసిద్ధుడనే యతి, వెంటవచ్చే పశులకాపరి బాలుడికి మజిలీకొక కథ చెబుతాడు. రాకుమారుడు బయలుదేరడం, చిత్రపటంలోనో కలలోనో కన్యను చూడడం, మాంత్రికుణ్ణి చంపడం, ఒకరికిద్దరు భార్యలతో తిరిగిరావడం అందులో మామూలు. ధారావాహికంగా పెరిగే అద్భుత కథకూ, పలువురు నాయికలకూ పొత్తు కుదర్చడం జపాను వారు కనిపెట్టినదేమీ కాదు. ఆ దేశంలోనే పదకొండవ శతాబ్దంలో మురసకి షికిబు అనే రాజసభలోని స్త్రీ 'గెంజి కథ' వ్రాసింది. యాభైనాలుగు అధ్యాయాలు. అందులో గెంజి తన స్త్రీల కోసం నాలుగు ఋతువులకు నాలుగు భాగాలుగా ఒక మహాసౌధమే కట్టిస్తాడు. కాని ఆ వ్రాసిన చెయ్యి స్త్రీది. గెంజి ఒక గది నుంచి మరొక గదికి పోతే, మొదటి గదిలో మిగిలిన స్త్రీ రాత్రంతా ఏమాలోచించిందో ఆమె వ్రాసింది. యమగుచి కథలో ఆ మొదటి గది తలుపు మూసేవుంటుంది.

మరొక పోలిక తమాషాగా తోచింది. స్నానమాడే దివ్యకన్య చీరను మానవుడు దాచి ఆమెను భార్యగా పొందడం మన జానపదాల్లో వున్నది. ప్రతాపుడు చేసినదీ అదే. జపాను వారికీ అదే కథ వున్నది. దాని పేరు 'హగొరొమొ', ఈకల వస్త్రం. అక్కడి పల్లెకథల్లో కొన్నింటిలో ఆమె భార్యగా వుండి, దాచిన వస్త్రం దొరకగానే ఎగిరిపోతుంది. వారి ప్రాచీన నో నాటకంలో మాత్రం, చెట్టుకొమ్మన వస్త్రాన్ని చూసిన జాలరి, ఆమె దుఃఖం చూడలేక, ఒక్క నాట్యం చూపమని కోరి తిరిగి ఇచ్చివేస్తాడు. ఆమె ఆడుతూ ఆడుతూ ఆకాశంలో కలిసిపోతుంది. ఎవరికీ ఎవరూ దక్కని ఆ నాటకాన్ని శతాబ్దాలుగా వారు చూస్తూనే వున్నారు.

అమ్మ ప్రశ్నకు తిరిగి వస్తాను. నలుగురినీ పెళ్లాడే ప్రతాపుడు మేలా, ఎవరినీ పెళ్లాడక నలుగురినీ తిప్పుకొనే సైతో మేలా? బహుభార్యత్వాన్ని నేను సమర్థించబోవడం లేదు, చట్టమూ ఒప్పదు. కాని మన పాత కథలో 'రాణివాసం' అన్న మాటకు ఒక బాధ్యత వుండేది. ఆ నలుగురికీ అత్తగారుంది, ఇల్లుంది, అలక వుంది, అలిగితే అడిగే హక్కుంది. ఆధునిక నాయకుడికి హక్కులిచ్చే పనిలేదు. ఎంచుకోకపోవడమే అతని మంచితనంగా చలామణి అవుతుంది. ఎంచుకొంటే కథ ముగుస్తుంది, కథ ముగిస్తే పుస్తకం అమ్మకం ఆగుతుంది. వర్తకం అతని స్వభావాన్ని నిర్ణయించింది. ఇది అన్నప్పుడు మావాడు ఒప్పుకోలేదు. "పెద్దమ్మా, సైతోకి అసలు ధైర్యం లేదు, అంతే. మా క్లాసులో అందరూ అంతే" అన్నాడు. డెబ్భై వేల సైన్యానికి ఒంటరిగా ఎదురుపోయినవాడికి ధైర్యం లేదంటావేమిరా అని అడిగితే, "అది వేరు, యిది వేరు" అన్నాడు. నా వాదం కంటె అతని మాటే నిజానికి దగ్గరగా వున్నదేమో.

ఆ డెబ్భై వేల ఘట్టం ఏడవ సంపుటంలోనిది. సైన్యం పారిపోవడానికి సమయం చిక్కాలంటే ఎవరో ఒకరు శత్రువును అడ్డగించాలి. ఆజ్ఞ లూయీజ్‌కు వచ్చింది. ఆమెను మత్తులో నిద్రపుచ్చి ఓడ ఎక్కించి, తాను మాట్లాడే కత్తిని తోడుగా పట్టుకొని వెళ్లిపోతాడు పాలేరు. ఆ రాత్రి అమ్మ నన్ను ఆపనివ్వలేదు. తెల్లవారి బిష్టుపూరు రామమందిరానికి వెళ్లవలసి వుండి కూడా పన్నెండు దాటే వరకు కూర్చున్నది.

నన్ను మరొక విషయం ఇబ్బంది పెట్టింది, అది అనువాదకుల ఇబ్బంది. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారన్న దానిలోనే యీ కథ ప్రాణం సగం వున్నది. సియెస్టా సైతోను గౌరవంగా పిలుస్తుంది, లూయీజ్ కుక్క అంటుంది, కత్తి 'జోడీ' అంటుంది. ఆంగ్లంలో ఇవన్నీ చదునైపోయాయి. తెలుగులోకి వచ్చేసరికి మళ్లీ లేచి నిలబడ్డాయి. 'నువ్వు', 'మీరు', 'ఒరే', 'ఏమండీ' వుండగా ఇక కొరతేమిటి? లూయీజ్ మొదట 'ఒరే' అని, ఏ సంపుటంలో 'నువ్వు'లోకి దిగాలి అని అమ్మా నేనూ గంటసేపు వాదులాడుకొన్నాము. రాజీ కుదరలేదు.

ఇరవయ్యవ సంపుటం 2011 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ యేడే యమగుచి తనకు క్యాన్సరు సోకిందని వెల్లడించాడు. 2013 ఏప్రిల్ 4న మరణించాడు. నలభై ఒక్క యేళ్లు. కథ ముగియలేదు. అయితే ముగింపు వరకు నడిచే ప్రణాళికను ఆయన వ్రాసిపెట్టి వెళ్లాడు. దాన్ని పట్టుకొని మరొక రచయిత చివరి రెండు సంపుటాలు పూర్తిచేశాడు. 2016లో ఒకటి, 2017లో ఒకటి వెలువడ్డాయి. సైతో చివరకు లూయీజ్‌నే వరిస్తాడు.

ఈ సంగతి చెప్పి, ఇరవయ్యవ సంపుటంతో ఆపుదామన్నాను. చెయ్యి మారిన పుస్తకమంటే నాకు ముందునుంచీ అనుమానం. అమ్మ ఒప్పుకోలేదు. "నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేస్తే ఎఱ్ఱన పూర్తిచెయ్యలేదూ? అదీ తన పేరు ముందుకు రానీయకుండా, నన్నయ రాసినట్టే రాశాడు. మనం చదవడం లేదూ?" అన్నది.

నాకు ఒక ప్రచురణకర్త పని తొందరపెడుతున్నందువల్ల ఆ రెండు సంపుటాలు నేను చెప్పలేకపోయాను. మనుమడే చెప్పాడు. నేను పక్క గదిలో వ్రాసుకొంటూ విన్నాను. సగం హిందీ, నడుమ నడుమ ఆంగ్లం, తెలుగు మాట దొరకనప్పుడు చేతులు. అమ్మమ్మ మాట అందిస్తోంది, అతడు పట్టుకొని ముందుకు పోతున్నాడు. సైతో అనే పేరు ఎక్కడా వినబడలేదు. ఆద్యంతం పాలేరే.